సాబుదానకు పల్లీ తోడు

కరీంనగర్‌లో మా అమ్మ సగ్గుబియ్యం డబ్బా తీసిందంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. జ్వరమో, విరేచనాలో, ఎండదెబ్బో. పలుచగా జావ కాచి, ఉప్పేసి, మజ్జిగ కలిపి గ్లాసులో పోసి ఇచ్చేది. ఎండాకాలం ముదిరితే అదే డబ్బా డాబా మీదికి ఎక్కేది, వడియాలకు. పెళ్లయి ఆదిలాబాద్ వచ్చిన ఏడాది తొలి ఏకాదశికి ముందురోజు రాత్రి అత్తమ్మ, "సాబుదాన నానబెట్టు బిడ్డా, పొద్దుగాల కిచిడీ చేద్దాం" అన్నది. మా సగ్గుబియ్యాన్నే ఇక్కడ సాబుదాన అంటారు. నేను నాకు తెలిసినట్టే కడిగి, గిన్నె నిండా నీళ్లు పోసి మూతపెట్టి పడుకున్నాను. పొద్దున మూత తీస్తే గింజకు గింజ అంటుకుపోయి అంబలిలా ఉంది.

అత్తమ్మ ఒక్క మాట అనలేదు. ఆ ముద్దలో ఉడికిన ఆలుగడ్డ, దంచిన పల్లీలు, పచ్చిమిర్చి కలిపి పెనం మీద రొట్టెల్లా తట్టి కాల్చింది. అందరం అవే తిన్నాం. ఆ తర్వాతి శనివారం ఒక్కపొద్దుకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి నేర్పింది. "గింజ ఎంత తాగుతదో గంతే పొయ్యాలె. నీళ్లు గింజ మీద తేలొద్దు" అన్నది. ఇన్నేళ్లుగా ఈ కిచిడీ చేస్తూ, చుట్టాలకు నేర్పుతూ వస్తున్నాను. ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో తెలిసిన మేరకు పూర్తిగా రాస్తాను. ఇది ఎంత మంచి తిండో, ఎక్కడ లోటు ఉన్నదో కూడా రాస్తాను. ఈ రెండోది వంట పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది.

ఈ కిచిడీ ఆదిలాబాద్ వంటింట్లోకి ఎట్లా వచ్చిందో తెలియడానికి దూరం పోనక్కర్లేదు. ఊరు దాటి పెద్దరోడ్డు మీద ఉత్తరానికి పోతే పెన్‌గంగ వస్తుంది. ఆ ఒడ్డు యవత్మాల్ జిల్లా. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు, అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా, కిన్వట్ ప్రాంతాలు మరాఠీ వైపుకు వెళ్లాయి. నాందేడ్ జిల్లాలోని ముధోల్ ఇటు వచ్చింది. పొలిమేర జరిగింది గాని వియ్యాలు, బంధుత్వాలు జరగలేదు. బేల, జైనథ్, భైంసా, ముధోల్ వైపు ఇప్పటికీ ఒకే ఇంట్లో తెలుగు, మరాఠీ రెండూ వినిపిస్తాయి. ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు పండరిపురం విఠోబాను తలుచుకుంటూ ఉపవాసం ఉండే ఇళ్లు మా వీధిలోనే నాలుగైదు ఉన్నాయి. ఆరోజు ఆ ఇళ్లన్నిటిలో వేయించిన పల్లీల వాసనే. అదే రోజు మా పుట్టింట్లో పేలాల పిండి చేస్తారు. జొన్న పేలాలు విసిరి, బెల్లం దంచి కలిపిన పిండి. మా అత్తగారింట్లో రెండూ చేస్తాం. ఉపవాసం ఉన్నవాళ్లకు కిచిడీ, లేనివాళ్లకు పేలాల పిండి.

ఉపవాసానికి సాబుదాన ఎందుకు పనికొస్తుందంటే అది ధాన్యం కాదు గనుక. కంకికి కాసింది కాదు, నేలలో ఊరిన దుంప. ఆ దుంప పేరు కర్రపెండలం. రాజమండ్రి, కాకినాడ వైపు దాన్ని ఉడకబెట్టి రోడ్డు పక్కన అమ్ముతారు. మన జిల్లాల్లో ఆ పంట లేదు కాబట్టి చాలామంది దుంపను చూసి ఉండరు, గింజనే చూసి ఉంటారు. ఒకసారి అత్తమ్మకు ఆ దుంప ఫొటో చూపిస్తే నమ్మలేదు. "గింత తెల్లని ముత్యం గా కట్టెల నుంచి వస్తదా?" అని అడిగింది.

ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువాళ్ల ఓడలతో మన తీరానికి చేరింది. నేను ఒకరోజు వంట చేస్తూ కిచిడీలో పడేవి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. సాబుదాన, పల్లీలు, ఆలుగడ్డ, మిరపకాయ. నాలుగూ సముద్రం అవతలి అమెరికా ఖండాల పంటలే. జిలకర, నెయ్యి లాంటివే మనకు అంతకంటే పాతవి. ఇంత కొత్త సరుకును మన పెద్దవాళ్లు దేవుడి పేరున పెట్టుకున్న ఉపవాసంలోకి రానిచ్చారు. ధాన్యం వద్దన్నారే గాని దుంపను వద్దనలేదు కదా అని ఎవరో ఒక ఇల్లాలు తేల్చి ఉంటుంది. ఆ ఇల్లాలి మీద నాకు చాలా గౌరవం.

సాబుదాన అన్న ఈ గింజ చెట్టుకు కాసేది కాదు, చేసేది. మొదట్లో మలయా దేశంలో సాగో అనే తాటిజాతి చెట్టు బోదె లోపలి పిండితో చేసేవాళ్లు. మన సగ్గుబియ్యంలోని సగ్గు ఆ సాగోనే. రెండో ప్రపంచ యుద్ధంలో అటునుంచి సరుకు రావడం ఆగిపోయింది. అప్పుడు 1943 ప్రాంతంలో తమిళనాడులోని సేలంలో కర్రపెండలం పిండితో గింజ చేయడం మొదలైంది. అక్కడి తయారీదారుల సహకార సంఘం సాగోసర్వ్ 1981లో ఏర్పడింది. సేలం సాగోకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలుగునేల మీద సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల మిల్లులున్నాయి. దుంప తోలు తీసి, కడిగి, తురిమి, నీళ్లతో పిండి పాలు తీస్తారు. ఆ పాలు తొట్లలో తేరుకుంటే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. పైనీళ్లు వంపేసి, తడి పిండిని పొడిచేసి గుడ్డ ఉయ్యాలలో వేసి అటూ ఇటూ ఊపుతారు. ఊపుతుంటే పిండి తనంతట తనే చుట్టుకుని పూసలవుతుంది. జల్లించి, వేడి పళ్లాల మీద కాస్త వేయించి ఎండబెడతారు. ఇప్పుడు ఊపే పని చాలాచోట్ల యంత్రాలు చేస్తున్నాయి. పిండిని నెలల తరబడి గుంటల్లో కుళ్లబెడతారని, పురుగులు పడతాయని ఫోన్లలో తిరిగే మాట నమ్మి మా చుట్టాల్లో ఒకావిడ ఉపవాసానికి సాబుదాన మానేసింది. ఆమెకు ఈ తయారీ అంతా చెప్పాను. పిండి కొన్ని గంటల్లో తేరుకుంటుంది, నెలలు ఉంచితే పులిసిపోయి గింజే కట్టదు.

పచ్చి కర్రపెండలంలో విషం ఉంటుందన్న మాట మాత్రం నిజం. దుంపలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. అందుకే పచ్చిది కొరకకూడదు. తురమడం, నీళ్లలో కడగడం, వేయించి ఎండబెట్టడం వల్ల అది పోతుంది. మన చేతికి వచ్చే గింజతో ఆ భయం లేదు.

ఇక కొనడం. కిరాణంలో రెండు మూడు రకాలుంటాయి. కిచిడీకి కావాల్సింది మోతీ సాబుదాన. ముత్యమంత గింజ, తెల్లగా, పైన కొంచెం పిండి అంటినట్టు ఉంటుంది. నైలాన్ సాబుదాన అని ఇంకొకటి ఉంటుంది. అది ఆవిరి మీద ఉడికించి ఎండబెట్టింది, నున్నగా, గాజుపూసలా ఉంటుంది. పాయసానికి, వడియాలకు బాగుంటుంది గాని కిచిడీకి తెస్తే ఎన్ని గంటలు నానబెట్టినా లోపల పలుకు పోదు. కొత్తగా చేసేవాళ్లు సగంమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. సున్నం కొట్టినట్టు మరీ తళతళలాడే తెలుపు ఉన్న గింజ నేను కొనను. పాలమీగడ రంగు ఉన్నదే తీసుకుంటాను. గుప్పెట్లోకి తీసుకుని విరిగిన నూక ఎంత ఉందో చూడండి. నూక ఎక్కువుంటే అదంతా జిగురవుతుంది.

ఐదుగురికి లెక్క చెబుతాను. పావుకిలో సాబుదాన, దానిలో సగం, అంటే 125 గ్రాముల పల్లీలు, పావుకిలో ఆలుగడ్డలు, ఐదారు పచ్చిమిరపకాయలు, ఒక చెంచా జిలకర, మూడు పెద్ద చెంచాల నెయ్యి, ఒక నిమ్మకాయ, ఉప్పు, అర చెంచా శక్కర, గుప్పెడు కొత్తిమీర. ఉపవాసానికైతే సైంధవ లవణం వాడతాం. పసుపు, ఆవాలు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఆరోజు పొయ్యి దగ్గరికి రావు. కొన్ని ఇళ్లలో కొత్తిమీర కూడా వేయరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎట్లా అంటే అట్లా చేయండి.

కడగడంతోనే సగం పని అయిపోతుంది. వెడల్పాటి గిన్నెలో గింజ పోసి, నీళ్లు పోసి, వేళ్లతో మెల్లగా తిప్పండి. బియ్యం కడిగినట్టు గట్టిగా పిసికితే గింజ విరుగుతుంది. మొదటి నీళ్లు పాలలా వస్తాయి. అది గింజ పైన అంటుకున్న పొడిపిండి. ఆ పిండికి వేడి తగిలిందంటే గంజి అవుతుంది, గంజి అయితే గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకని పారబోసి మళ్లీ కడగండి. మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా వదలొద్దు. తొందరపడి రెండుసార్లకే ఆపిన రోజు కిచిడీ ముద్దయ్యింది, నాకు బాగా గుర్తు. ఆరోజు పండగ కాదు, వచ్చింది చుట్టాలు.

కడిగాక నీళ్లన్నీ వంపేసి, గిన్నెలో గింజను చదును చేయండి. ఇప్పుడు పోసే నీళ్లే లెక్క. గింజ ఎంత ఎత్తు ఉందో నీళ్లూ అంతే ఎత్తు ఉండాలి, పైన తేలకూడదు. గ్లాసుతో కొలిచేవాళ్లకు గ్లాసు గింజకు ముప్పావు గ్లాసు నీళ్లు. అత్తమ్మ కొలవదు, వేలు పెట్టి చూస్తుంది. గింజ మీద వేలు ఆనిస్తే గోరు కొస తడవాలి, కణుపు తడవొద్దు. మూతపెట్టి ఐదారు గంటలు వదిలేయాలి. పొద్దున చేసేటట్టయితే రాత్రే నానేసి పడుకోవచ్చు. పుష్యమాసంలో ఆదిలాబాద్ చలి మీకు తెలిసిందే, ఆ రోజుల్లో గింజ మెల్లగా తాగుతుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోస్తాను. ఎండాకాలం మే నెలలో రాత్రంతా ఉంచితే పులుపు తగులుతుంది, తెల్లారగట్ల లేచి నానేయడం మేలు.

నానిందో లేదో చూసే పద్ధతి ఒక్కటే. ఒక గింజ తీసి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నొక్కండి. వెన్నలా మెదగాలి. మధ్యలో ఇసుకరేణువంత గట్టిగా తగిలితే ఇంకా కాలేదు. గుప్పెడు నీళ్లు చిలకరించి, కలిపి, అరగంట మూతపెట్టండి. గిన్నెలో పైగింజ ఒక తీరుగా, అడుగుగింజ ఒక తీరుగా నానుతుంది కాబట్టి మూడు చోట్ల నుంచి తీసి చూడాలి. నీళ్లు ఎక్కువైతే జల్లెడలో అరగంట వేసి, ఆపైన పొడి నూలుగుడ్డ మీద పరచండి. సరిగ్గా నానిన సాబుదాన చేతితో తీస్తే పొడిపొడిగా జారుతుంది, గింజ రెండింతలై ఉంటుంది. జారకపోతే పొయ్యి మీదికి ఎక్కించొద్దు, ఇంకాసేపు ఆగండి.

గింజ ఆరేలోపు పల్లీలు. ఇనుప మూకుట్లో నూనె లేకుండా సన్నటి మంట మీద వేయించాలి. మంట పెద్దదయితే పైన మాడుతుంది, లోపల పచ్చివాసన మిగులుతుంది. పొట్టు చిట్లి, గింజ మీద గోధుమరంగు చుక్కలు పడగానే దించి చాటలో పోయాలి. చల్లారాక రెండు చేతుల మధ్య రుద్ది చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. పొట్టు మొత్తం పోవాలన్న పట్టింపు అవసరం లేదు, కాస్త ఉన్నా మంచిదే. రోట్లో దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. సగం పొడిలా, సగం పంటికి తగిలేలా ఉండాలి.

ఇప్పుడు అత్తమ్మ చేసే పని ఒకటి చెబుతాను. చాలామంది పల్లీపొడిని చివర్లో చల్లుతారు. ఆమె పొయ్యి వెలిగించకముందే నానిన సాబుదానలో పల్లీపొడి, ఉప్పు, శక్కర వేసి రెండు చేతులతో పైకెత్తి పైకెత్తి కలుపుతుంది. పొడి ప్రతి గింజ చుట్టూ పూతలా అంటుకుంటుంది. గింజ మీద మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. పల్లీలోని నూనె గింజకూ గింజకూ మధ్య అడ్డం నిలబడుతుంది. ఆ తర్వాత మూకుట్లో ఎంత కలిపినా అతుక్కోదు. నేను దీన్ని రెండు విధాలుగానూ చేసి చూశాను. పొడి ముందు కలిపినప్పుడు నెయ్యి కూడా తక్కువ పడుతుంది.

వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకోండి. నెయ్యి కాగాక జిలకర వేయండి, చిటపటమన్నాక చీరిన మిర్చి. చెక్కు తీసి చిన్న ముక్కలు కోసిన ఆలుగడ్డలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూతపెట్టి మగ్గనివ్వండి. ముక్క మెత్తబడి అంచులు ఎర్రబడాలి. ఉడికించిన ఆలుగడ్డ వేస్తే పని తొందరగా అవుతుంది, కానీ అది చిదిమిపోయి గింజకు అంటుకుంటుంది. ఇప్పుడు మంట తగ్గించి సాబుదాన మొత్తం ఒకేసారి వేయండి. గంటెను అడుగు నుంచి పైకి తేవాలి, గుండ్రంగా తిప్పకూడదు. రెండు మూడు నిమిషాలకు గింజ రంగు మారడం మొదలవుతుంది. తెల్లటి గింజ అంచుల నుంచి గాజులా అవుతూ మధ్యలోకి పోతుంది. సగం గింజలు అద్దంలా, సగం తెల్లగా ఉన్నప్పుడు మూతపెట్టి మంట ఇంకా తగ్గించి ఒక్క నిమిషం ఆగండి. మూత తీసి ఒకసారి కలపండి. నడుమ తెల్లచుక్క ఉన్న గింజ ఎక్కడో ఒకటి కనిపిస్తుండగానే ఆపేయాలి, ఆ ఒక్కటి మూకుడి వేడికి అదే ఉడుకుతుంది. అన్నీ అద్దంలా అయ్యేదాకా ఉంచితే నమలడానికి రబ్బరులా సాగుతుంది. నిమ్మరసం, కొత్తిమీర దించాకే వేయండి.

వేడిగా తినాలి. చల్లారితే గింజ గట్టిపడుతుంది, అది పిండి స్వభావం. మళ్లీ వేడి చేయాలంటే నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మూతపెడితే మెత్తబడుతుంది. పక్కన ఒక గిన్నెడు పెరుగు ఉండాలి. మా పక్కింటి కాకు (మరాఠీలో పిన్ని) కీరకాయ తురిమి, పెరుగులో కలిపి, పల్లీపొడి మళ్లీ అందులోనూ వేస్తుంది.

ఇక లోటు విషయం. నూరు గ్రాముల ఎండు సాబుదానలో సుమారు 350 కేలరీల శక్తి ఉంటుంది. దాదాపు 87 గ్రాములు పిండిపదార్థమే. మాంసకృత్తులు అర గ్రాము కూడా ఉండవు. పీచు ఒక గ్రాముకు లోపే. ఇనుము, కాల్షియం చెప్పుకోదగ్గంత లేవు. అదే నూరు గ్రాముల బియ్యంలో ఏడు ఎనిమిది గ్రాముల మాంసకృత్తులుంటాయి. దుంపలో ఉన్న కొద్దిపాటి విటమిన్లు తురిమి కడగడంలోనే నీళ్లపాలవుతాయి, మిగిలేది శుద్ధమైన పిండి. అంటే ఇది కడుపు నింపుతుంది, వెంటనే ఓపిక ఇస్తుంది, ఒంటిని కట్టదు. తెల్లగా, మెత్తగా, తేలికగా ఉందని దీన్ని బలమైన ఆహారంగా చాలా ఇళ్లలో నమ్ముతారు. ఆ నమ్మకంతోనే చంటిపిల్లలకు పూటపూటా సగ్గుబియ్యం జావే పడతారు. బిడ్డ బొద్దుగా అవుతుంటే సంతోషపడతారు. బొద్దుతనం పిండి వల్ల వస్తుంది. కండ, రక్తం పట్టడానికి పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర కావాలి. ఆరునెలలు నిండిన బిడ్డకు జావ ఇస్తే తప్పు లేదు. పప్పుకట్టు, నెయ్యి కలిపి, గింజ గింజగా లేకుండా మెత్తగా మెదిపి ఇవ్వాలి. మెదపని గింజ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. ఒట్టి జావ ఒక్కటే రోజూ ఇవ్వొద్దని మా ఇంట్లో నేను గట్టిగా పోట్లాడి ఆపించాను.

ఇప్పుడు మన కిచిడీ లెక్క చూడండి. పావుకిలో సాబుదాన నుంచి దాదాపు 880 కేలరీలు, 125 గ్రాముల పల్లీల నుంచి 700, ఆలుగడ్డల నుంచి 190, నెయ్యి నుంచి 400. ఐదుగురికి పంచితే మనిషికి 430 కేలరీలకు పైనే. మాంసకృత్తులు మనిషికి ఏడు గ్రాములు. ఆ ఏడులో ఆరు పల్లీలవి. పల్లీలు తీసేస్తే మిగిలేది ఒక్క గ్రాము, అదీ ఆలుగడ్డ పుణ్యమే. చిన్న గిన్నెడు పెరుగు వేసుకుంటే ఇంకో మూడు గ్రాములు చేరతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు సుమారు 46 గ్రాములు, మగవాళ్లకు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక్కపొద్దు రోజు ఒక్కపూటే తినేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. పల్లీలు ధర పెరిగాయని గుప్పెడుకు తగ్గించి, నెయ్యి పెంచి చేసే కిచిడీ రుచిగానే ఉంటుంది గాని ఉపవాసం ఉన్న మనిషిని సాయంత్రానికి నీరసపెడుతుంది.

కర్రపెండలాన్ని చాలాచోట్ల జనం ఒంటరిగా తినరు. కేరళలో ఉడికిన కర్రపెండలానికి చేపల పులుసు తోడు. పశ్చిమ ఆఫ్రికాలో కర్రపెండలం ముద్దను పల్లీల పులుసుతో తింటారు. బ్రెజిల్‌లో దాని పిండిని వేయించి నల్లచిక్కుడు గింజల కూర మీద చల్లుకుంటారు. ఉపవాసంలో చేపకు, పప్పుకు చోటు లేని మన సరిహద్దు ఊళ్ల ఆడవాళ్లు పల్లీని పట్టుకున్నారు. కొలత పుస్తకంలో రాయలేదు, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇచ్చారు. సాబుదానలో సగం పల్లీ.

షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పీచు లేని పిండి కాబట్టి ఇది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. మామయ్యకు షుగర్ వచ్చాక మా ఇంట్లో ఆయన వాటా మారింది. సాబుదాన సగం, పల్లీలు ఎప్పటంత, ఆలుగడ్డ లేదు, పక్కన పెద్ద గిన్నెడు కీరకాయ పెరుగు. కొన్ని ఏకాదశులకు సాబుదాన మానేసి భగర్ వండుతాం. సన్నని చిరుధాన్యం అది, మరాఠీ ఇళ్లలో ఉపవాసానికి చెల్లుతుంది. మందులు వాడేవాళ్లు ఉపవాసం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగడం మరవొద్దు. గోధుమ పడనివాళ్లకు మాత్రం సాబుదాన నిశ్చింతగా పెట్టవచ్చు, అందులో గ్లూటెన్ లేదు.

నానిన గింజ మిగిలితే సాయంత్రం వడలు. రెండు ఉడికిన ఆలుగడ్డలు, అదే పల్లీపొడి, మిర్చి, జిలకర కలిపి ముద్దచేసి అరచేతిలో చదునుగా అద్దుకోవాలి. నూనె నడిమి మంట మీద ఉండాలి. నానని గింజ ఒక్కటున్నా నూనెలో పేలుతుంది, ముఖం మీదికి చిందుతుంది. కాబట్టి ముద్ద కలిపేటప్పుడే గట్టిగింజ తగిలితే ఏరేయండి, వడ వేశాక ఒక అడుగు వెనక్కి నిలబడండి.

జ్వరం జావను కొట్టిపారేయొద్దు. పీచు, కొవ్వు లేకపోవడం ఆ రెండు రోజులు మేలే, అరగడానికి కష్టం ఉండదు. మూడు చెంచాల గింజ రెండు గంటలు నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లలో అద్దంలా అయ్యేదాకా ఉడికించి, ఉప్పు, మజ్జిగ కలపాలి. జ్వరం తగ్గిన మూడోనాడు అదే జావలో మెత్తగా ఉడికిన పెసరపప్పు కలపండి, లేదా పాలు, బెల్లం. అమ్మకు ఇది చెప్పినప్పుడు, "మేము గట్లనే చేసేది, నువ్వు చిన్నప్పుడు పప్పు తినకపోయేది" అన్నది.

వడియాలు మాత్రం కరీంనగర్ పనే. ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ ఎండే వీటికి సరుకు. గ్లాసు సన్నగింజ రాత్రి నానేసి, తెల్లారి ఆరు గ్లాసుల నీళ్లు మరిగించి అందులో పోయాలి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. తెలుపు పోయి జారుడు గంజి అయ్యాక దించి, పచ్చిమిర్చి, జిలకర, ఉప్పు నూరిన ముద్ద కలపాలి. ఉప్పు కూరలో వేసినంత వేయొద్దు, ఎండితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది, సగం చాలు. గోరువెచ్చగా ఉండగానే తడిపి పిండిన పాత ధోవతి మీద గంటెతో చిన్న చిన్న బిళ్లలుగా పోయాలి. ఎండ ఎక్కకముందే, ఏడున్నర లోపు పని అయిపోవాలి. సాయంత్రానికి పైన పొర కడుతుంది. మర్నాడు మధ్యాహ్నం గుడ్డను తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరిస్తే బిళ్లలు ఒక్కొక్కటే ఊడి వస్తాయి. వాటిని పళ్లెంలో వేసి ఇంకో రోజు ఎండబెట్టాలి. విరిస్తే టక్కుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఈ వడియాల్లో ధాన్యం లేదు కాబట్టి ఉపవాసానికి కూడా చెల్లుతాయి. ఆషాఢం రాకముందే అమ్మ డబ్బా నింపి, మూత చుట్టూ గుడ్డ కట్టి, ఆదిలాబాద్ వచ్చే ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపుతుంది. తొలి ఏకాదశి పొద్దున మూకుట్లో నూనె కాగుతుంటే అత్తమ్మ ఆ డబ్బా గుడ్డ విప్పుతుంది. వేయించిన వడియం కిచిడీ మీద పెట్టి, మొదటి పళ్లెం మామయ్యకు, రెండోది పక్కింటి కాకుకు పంపుతుంది.